పన్నెండో తాళం

లిఫ్టు బాగుచేయడం నేర్పే చోట లిఫ్టు నడవదు. ఆ వీధిలో ఇది పాత జోకు. కింద జిరాక్సు షాపువాడు, బస్టాపులో నిలబడేవాళ్ళు, ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మాన్, అందరూ మెట్లెక్కుతూ ఒకసారి ఈ మాట అనుకుని నవ్వుకుంటారు. రెండో మలుపు దగ్గరికి వచ్చేసరికి నవ్వు పోయి ఆయాసం మిగులుతుంది. అక్కడ పని నేర్పే లిఫ్టమ్మ ఎవరికీ ఎదురు చెప్పేది కాదు. చెబితే పెద్ద కథ చెప్పాలి. ఆవిడకి కథలకి తీరిక లేదు.

సంగతేమిటంటే, ఆ భవనం యజమాని లిఫ్టు బాగుచేయించలేక, "మీ పిల్లలు విప్పి నేర్చుకుంటారు, ఉంచుకోండమ్మా" అని దాన్ని ఆవిడకి దానం చేసి చేతులు దులిపేసుకున్నాడు. మొదటి అంతస్తులో ఆవిడ శిక్షణ కేంద్రం. ప్రతి ఏడాదీ ఒక బ్యాచీ ఆ లిఫ్టును నట్టు నట్టుగా విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి వెళ్ళిపోతుంది. తర్వాత వచ్చిన బ్యాచీ నెలరోజులు దాన్ని సరిచూసి, ఉపాధి శాఖ నుంచి తనిఖీ అధికారి వచ్చిన రోజున నడిపి చూపిస్తుంది. అది అయ్యాక మళ్ళీ విప్పుడే. అంటే ఏడాదికి ఒక్కరోజు నడిచే లిఫ్టు.

రెండో అంతస్తులో సైన్యంలో చేర్చుకునే ఆఫీసు. అక్కడ కూర్చునే హవల్దారుని కింది అంతస్తులో అందరూ "పైవాడు" అంటారు. ఏదైనా అనుకోకుండా జరిగితే "అంతా పైవాడి దయ" అనడం, నవ్వడం అక్కడ రోజువారీ వ్యవహారం. ఆయనకీ ఈ సంగతి తెలుసు. తెలియనట్టే ఉంటాడు.

సైన్యంలో చేరడానికి వచ్చే కుర్రకారు మెట్లెక్కి మొదటి అంతస్తులో ఊపిరి తీసుకోవడానికి ఆగుతారు. అక్కడ తలుపు బార్లా తెరిచి ఉంటుంది. లోపల తమ ఈడువాళ్ళే చేతులకి గ్రీజు పూసుకుని, పానాలు పట్టుకుని, చీకటి బావిలాంటి లిఫ్టు గొట్టంలోకి తొంగిచూస్తూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ ఉంటారు. చూసినవాళ్ళు చూసి పైకి పోతారు. పైనుంచి కొందరు దిగి వచ్చేస్తారు. పాదం చదునుగా ఉందని ఒకడు, కళ్ళు సరిగ్గా కనబడవని ఇంకొకడు, ఛాతీ చాలలేదని మరొకడు. అలా దిగేటప్పుడు మొహం వేలాడేసుకుని మొదటి అంతస్తులో మళ్ళీ ఆగుతారు. ఈసారి ఆయాసం వల్ల కాదు.

శాఖవాళ్ళు అచ్చువేసిన కాగితంలో ఈ శిక్షణ పథకం "తుపాకీకి బదులు పనిముట్టును ఎంచుకున్న యువత" కోసం అని ఉంటుంది. ఆ ఏడాది చేరిన పదకొండు మందిలో ఏడుగురు ఏమీ ఎంచుకోలేదు. పైవాడు వద్దంటే కిందికి వచ్చారు. లిఫ్టమ్మకి ఇందులో చిన్నతనమేమీ కనబడలేదు. చదును పాదాలున్నవాడు నిచ్చెన మీద కోతిలా ఎక్కేవాడు. కళ్ళు సరిగ్గా లేనివాడు బేరింగు చప్పుడు విని ఎక్కడ అరిగిందో చెప్పేవాడు.

ఆవిడ కథా అంతే. నాన్న పెద్దాసుపత్రిలో లిఫ్టు నడిపేవాడు. జీవితమంతా స్టూలు మీద కూర్చుని "ఎన్నో ఫ్లోరు?" అని అడిగిన మనిషి. బడి అయ్యాక ఆవిడ ఆ లిఫ్టులోనే కింద కూర్చుని పైకీ కిందికీ తిరుగుతూ ఎక్కాలు బట్టీపట్టేది. పద్దెనిమిదేళ్ళకి సైన్యంలో చేరదామని వెళ్ళింది. దేశభక్తి పొంగి కాదు, అక్కడ మంచి బూట్లు ఇస్తారని. కొలబద్ద దగ్గర నిలబెట్టి, తలమీద చెక్క పెట్టి, "అర అంగుళం తక్కువ, తర్వాతివాళ్ళు" అన్నారు. అదే సాయంత్రం ఆసుపత్రి లిఫ్టు రెండంతస్తుల మధ్య బిగుసుకుపోయింది. లోపల నాన్న. బాగుచేయడానికి వచ్చిన మేస్త్రికి కుడిచేతికి రెండే వేళ్ళు. ఆయన ఏడుపు మొహంతో నిలబడ్డ పిల్లని చూసి, "ఊరికే నిలబడే బదులు ఈ టార్చి పట్టుకోరాదూ?" అన్నాడు. పట్టుకుంది. ముప్ఫై రెండేళ్ళు అయింది.

ఏదో సేవా సంఘం నుంచి ఒక చదువుకున్నావిడ వచ్చి లిఫ్టమ్మ గురించి కరపత్రం రాసింది. "యుద్ధాన్ని కాదని పానా చేపట్టిన మహిళ" అని శీర్షిక. లిఫ్టమ్మ చదివి, పెన్సిలు తీసి శీర్షిక కొట్టేసింది.

"ఎందుకండీ, బావుంది కదా?"

"బానే ఉంది. నేను యుద్ధాన్ని కాదనలేదమ్మా, యుద్ధమే నన్ను కాదంది. అర అంగుళం."

"అది రాయలేం కదండీ…"

"అయితే ఏమీ రాయకండి."

కరపత్రం ఆగిపోయింది.

ఆ మేస్త్రి దగ్గర నేర్చుకున్నవాటిలో ఆవిడ ప్రాణంతో సమానంగా చూసుకునేది తాళం. లిఫ్టు గొట్టంలోకి ఎవరు దిగినా, కేబిన్ నెత్తిన ఎవరు ఎక్కినా, ముందు మెయిన్ స్విచ్చి ఆపి దాని పట్టీకి తన తాళం వేయాలి. తాళంచెవి ఒక్కటే ఉంటుంది, అది వేసినవాళ్ళ జేబులో ఉంటుంది. బయటికి వచ్చాక ఎవరి తాళం వాళ్ళు తీసుకోవాలి. చివరి తాళం ఊడేదాకా కరెంటు రాదు. చేరిన మొదటిరోజు ప్రతివాళ్ళకీ ఆవిడ ఇచ్చేది పుస్తకం కాదు, తాళం. దానిమీద తోటివాళ్ళు పెట్టిన ముద్దుపేరు ఎర్రరంగుతో రాసుకోవాలి. ఆ ఏడాది తాళాల మీద "చదును", "గొణుగుడు", "తొందర" లాంటి పేర్లుండేవి. స్విచ్చి పక్కన గోడమీద ఆవిడ చేత్తో రాసిన రెండు వాక్యాలు: "తాళం వేసినవాళ్ళే తియ్యాలి. వాళ్ళు లేకపోతే, వాళ్ళ గొంతు నీ చెవులతో విని, వాళ్ళు సరేనంటేనే కొయ్యాలి."

మేస్త్రి వేళ్ళ సంగతి గోడమీద లేదు. భోజనానికి వెళ్ళాడు కదా అని ఎవరో ఆయన తాళం కోసేశారు. వెళ్ళిన మాట నిజమే. పెన్సిలు మరిచిపోయి వెనక తలుపు నుంచి మళ్ళీ వచ్చాడు.

*

ఆ ఏడాది చిక్కు ఏమిటంటే, శాఖవాళ్ళు కొత్త నియమం పెట్టారు. శుక్రవారం తనిఖీనాటికి పన్నెండు మంది పేర్లుండాలి, లిఫ్టు నడవాలి. రెంటిలో ఏది తక్కువైనా కేంద్రం మూసేస్తారు. పదకొండు మందినీ ఊరి అవతల కంప్యూటర్ క్లాసులో కూర్చోబెడతారు. ఉన్నది పదకొండే. చదునుకి కంప్యూటర్ అంటే జ్వరం.

పన్నెండో మనిషి ఎదురుగానే తిరుగుతోంది. లిఫ్టమ్మ చెల్లెలి కూతురు. పంతొమ్మిదేళ్ళు. ఆ ఇంట్లో ఎవరికీ రాని పొడుగు వచ్చింది కాబట్టి చిన్నప్పటినుంచీ అందరూ "కొంగ" అనే పిలుస్తారు. కొంగ సైన్యంలో చేరడానికి దరఖాస్తు పెట్టింది. వారానికి రెండుసార్లు ఏదో ఒక కాగితం ఇవ్వడానికి పైకి వెళ్ళేది. వెళ్తూ వెళ్తూ మొదటి అంతస్తులో గంటేసి నిలబడేది. "అది ఎందుకు తిరుగుతుంది పెద్దమ్మా? ఇది తెగితే కేబిన్ పడిపోతుందా?" అని ప్రశ్నలు.

బుధవారం సాయంత్రం లిఫ్టమ్మ చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. చెల్లెలు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. అక్కని చూడగానే వేడి ఆవిరి మధ్యలోంచి, "వచ్చావా? వస్తావనుకున్నా" అంది.

"ఏం, రాకూడదా?"

"నీకు పదకొండు మందే ఉన్నారటగా. కొంగ చెప్పింది. అక్కా, నువ్వు మనసులో మాట మింగినప్పుడు ముక్కు గోక్కుంటావు. ఇందాకట్నుంచి గోక్కుంటున్నావు."

లిఫ్టమ్మ చెయ్యి దించుకుంది.

"దానికి అక్కడ జీతం, బట్టలు, బస, వయసైపోయాక పింఛను. నీ దగ్గర ఏముంది? చేతినిండా గ్రీజు. అదీ వదలదు, సబ్బు అరిగిపోవడమే." చెల్లెలు దుప్పటి మడిచి దభీమని గుట్టమీద వేసింది. "నీ పదకొండుని పన్నెండు చేసుకోడానికి నా పిల్లే కావాలా? నువ్వు కూడా వెళ్దామనుకున్నదానివేగా! అర అంగుళం ఉండుంటే ఈపాటికి నువ్వు కల్నలమ్మవి."

"ఉండుంటే ఏమో. నీకు మాత్రం దుప్పట్లు మడవడం వచ్చేది కాదు. నేర్పింది నేనే."

"మాట మార్చకు."

చెల్లెలు అన్నదాంట్లో సగం నిజం. మిగతా సగం కూడా అబద్ధమేమీ కాదు. పిల్ల చెయ్యి ఈ పనికి పుట్టినట్టుంటుందని ఆవిడ అనుకుంటున్న మాట వాస్తవమే. కానీ పన్నెండో పేరు అక్కర్లేకపోతే ఆ సంగతి ఇంత గట్టిగా తోచేదా? ఆవిడకే తెలియదు. తెలియనప్పుడు మూసుకోవడం మర్యాద.

"దాన్ని నేను అడగను" అంది చివరికి. "నువ్వు అడిగావా అని నన్ను మళ్ళీ అడక్కు."

"ఒట్టు?"

"ఒట్టూ లేదు గిట్టూ లేదు. అడగనంటే అడగను."

*

గురువారం మధ్యాహ్నం లిఫ్టు తలుపు లాకులో ఒక రోలరు సరిగ్గా కూర్చోక ప్రాణం తీస్తోంది. అది అందాలంటే కేబిన్ నెత్తిన ఎక్కి, ఒక చెయ్యి మాత్రమే దూరే సందులోంచి పైకి చాపాలి. గొణుగుడు ప్రయత్నించాడు, తొందర ప్రయత్నించాడు. ఎవరి చెయ్యీ చాలలేదు. గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తున్న కొంగ, "నేను చూడనా?" అంది.

పదకొండు మొహాలూ లిఫ్టమ్మ వైపు తిరిగాయి. ఆవిడ బల్ల సొరుగు తీసి, పేరు రాయని కొత్త తాళం ఒకటి కొంగ చేతిలో పెట్టింది.

"ముందు ఇది వేసి ఎక్కు. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో."

"నేను మీ స్టూడెంటుని కాదుగా!"

"కరెంటుకి ఆ సంగతి తెలియదు."

కొంగ తాళం వేసింది, తాళంచెవి జీన్సు జేబులో పడేసుకుంది, ఎక్కింది. మొదట పానా జారి కిందపడింది. రెండోసారి తనే పడబోయింది. మూడోసారి రోలరు "టక్" అని కూర్చుంది. ఆ శబ్దం లిఫ్టమ్మ వినలేదు. అప్పటికే ఆవిడ శుక్రవారం కాగితాల కోసం శాఖ ఆఫీసుకి బయల్దేరింది. కిందివాళ్ళు చప్పట్లు కొడుతుండగా పైనుంచి హవల్దారు కేక వినబడింది.

"మెడికల్‌కి వెళ్ళాల్సినవాళ్ళు ఎక్కడున్నారు? బస్సు కదులుతోంది! ఒక్కరికోసం ఆపను!"

కొంగ కేబిన్ మీంచి ఒక్క దూకు దూకి, సంచీ భుజాన వేసుకుని, గ్రీజు చేతులతోనే మెట్లమీద పరిగెత్తింది. బస్సు పక్క ఊళ్ళో సైనిక శిబిరానికి. మర్నాడు పొద్దున వైద్య పరీక్ష, సాయంత్రం నాలుగింటికి సంతకాలు. మేడమ్ లేకుండా స్విచ్చి వేయకూడదు కాబట్టి మిగతావాళ్ళు ఎవరి తాళం వాళ్ళు తీసుకుని ఇళ్ళకి పోయారు.

శుక్రవారం పొద్దున అందరికన్నా ముందు లిఫ్టమ్మ వచ్చింది. వరండాలో లైటు వేసింది. మెయిన్ స్విచ్చి పట్టీకి ఒక తాళం వేలాడుతోంది. పేరు లేదు.

ఆవిడ ముందు చేసిన పని, లిఫ్టు తలుపు తెరిచి టార్చి వేసి కేబిన్ నెత్తి చూడటం. తర్వాత కిందికి దిగి అడుగున గుంట చూడటం. పేరు పెట్టి పిలిచింది కూడా. తన గొంతే గొట్టంలో పైకి వెళ్ళి తిరిగి వచ్చింది. అప్పుడు ఫోను చేసింది. మోగలేదు. శిబిరం గేటు దగ్గరే ఫోన్లన్నీ బుట్టలో వేయించుకుంటారని తర్వాత తెలిసింది.

పది గంటలకల్లా అందరూ వచ్చి తాళం చుట్టూ మూగారు.

"పెద్ద కట్టరు ఉందిగా మేడమ్" అన్నాడు తొందర. ఆ పేరు వాడికి ఊరికే రాలేదు. "కటుక్కుమంటే అయిపోతుంది. కొత్తది కొని పెట్టేద్దాం."

"గోడమీద ఏం రాసుంది?"

"అది లోపల లేదని మనందరికీ తెలుసు కదా! బస్సెక్కడం మా కళ్ళతో చూశాం."

"చూశారు. దాని గొంతు విన్నారా?"

"ఎలా వింటాం, ఫోనే ఎత్తకపోతే!"

"వినలేదుగా. అయితే కాళ్ళు చాపుకుని కూర్చోండి."

గొణుగుడు తన అలవాటు ప్రకారం గోడకేసి తిరిగి గొణిగాడు: "మొత్తం కేంద్రం పోతుంటే తాళం పట్టుకుని కూర్చుంటుంది ఈవిడ." కావాలనే వినబడేలా గొణిగాడు. లిఫ్టమ్మ విని, విననట్టు కట్టరుని సొరుగులో పెట్టి సొరుగు మూసింది. వాడన్నది తప్పేం కాదు. ఇప్పుడు ఆ తాళం కోస్తే ఎవరికీ ఏమీ కాదని ఆవిడకి నూటికి నూరుపాళ్ళు తెలుసు. మేస్త్రి తాళం కోసినవాడికి కూడా నూటికి నూరుపాళ్ళే తెలుసు. ఈ పదకొండు మంది రేపు పదకొండు భవనాల్లో పనిచేస్తారు. తొందరగా ఉన్నరోజున మేడమ్ కోసేసిందని గుర్తుపెట్టుకుంటారు. మిగతా ఏడాది చెప్పిన పాఠం మరిచిపోతారు.

మూడింటికి తనిఖీ అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో ఫైలు, మెట్లెక్కిన ఆయాసం. కూర్చోగానే, "లిఫ్టు నేర్పేచోట లిఫ్టు…" అని మొదలుపెట్టాడు.

"తెలుసండీ" అంది లిఫ్టమ్మ.

విషయం చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"అంటే తాళం వేసినమ్మాయి ఊళ్ళో లేదు. లోపలా లేదు. అయినా మీరు కొయ్యరు."

"కొయ్యను."

"పన్నెండో పేరు?"

"లేదండీ. పదకొండే."

"మీరు నాకేం చూపిద్దామని పిలిచారమ్మా? ఆగిపోయిన లిఫ్టు, రాని మనిషి."

"ఆ తాళమే చూడండి. మేం నేర్పేదాంట్లో కష్టమైంది అదే. మోటారు ఎవరైనా నేర్పుతారు."

ఆయన టీ అడిగాడు.

టీ తేవడానికి చదును కిందికి దిగుతుంటే పైనుంచి హవల్దారు దిగుతున్నాడు. ఈ భవనంలో ఏ వార్తా అంతస్తు దాటడానికి పది నిమిషాలు పట్టదు. ఆయన గుమ్మంలో నిలబడి, తాళాన్ని, లిఫ్టమ్మని, అధికారిని వరసగా చూశాడు.

"మేడమ్, ఆ పిల్ల మీ పిల్లే. ఇప్పుడు మా లైన్లో ఉంది. సంతకానికి ఇంకా ముప్పావుగంట." గొంతు సవరించుకున్నాడు. "గేటు దగ్గర మావాడొకడున్నాడు. ఫోను చేసి పిలిపించనా? మా దగ్గర కూడా ఎవరి ఆయుధం వాళ్ళ చేతిలోంచే తీసుకోవాలి. వేరేవాడు తీసుకుంటే గొడవైపోతుంది. నాకు ఇది అర్థమవుతుంది."

"మీకు ఒక మనిషి తగ్గుతుందేమో" అంది లిఫ్టమ్మ. తన నోట్లోంచి ఆ మాట వచ్చాక, అడగనన్న మాట దాటానా అని ఒక్క క్షణం జంకింది.

"నేను అడిగేది తాళం సంగతి ఒక్కటే. ఎవరూ తగ్గరు" అన్నాడు పైవాడు, కొంచెం గర్వంగా.

ఫోను కలిసింది. ఎవరో ఎవరినో పిలిచారు. బూట్ల చప్పుడు. చాలాసేపటికి, "పెద్దమ్మా?"

హవల్దారు ఫోనుని స్పీకర్లో పెట్టి బల్లమీద ఉంచాడు. పదకొండు తలలు దానిమీదికి వంగాయి.

"ఏమే, నీ జేబులో ఏముందో చూసుకున్నావా?"

జేబు తడుముకున్న చప్పుడు ఫోనులో వినబడదు కానీ అందరూ విన్నారు.

"అయ్యో! పెద్దమ్మా! నిన్నటినుంచీ స్విచ్చికి… అధికారి వచ్చేశాడా?"

"వచ్చి కూర్చున్నాడు. టీ తాగుతున్నాడు."

"కొయ్యలేదా?"

"నీ గొంతు వినకుండా ఎలా కోస్తాం?"

"నేను లోపల లేనని నీకు తెలుసు కదా!"

"తెలుసు. కోయమంటావా చెప్పు, కోస్తాం. నువ్వు సరేనంటే చాలు. వెళ్ళి నీ సంతకం చేసుకో."

ఇది చెప్పడానికి లిఫ్టమ్మకి ఎంత కష్టమయిందో ఎవరూ గమనించలేదు. ముక్కు గోక్కుంటుంటే దురదేమో అనుకున్నారు. తొందర మాత్రం సొరుగు తీసి కట్టరు బయటికి లాగాడు.

అటువైపు ఎవరో నంబర్లు పిలుస్తున్నారు. రెండువందల తొమ్మిది, రెండువందల పది.

"అందరూ అక్కడే ఉన్నారా?" అంది కొంగ.

"అందరూ ఉన్నారు. మీ పైవాడు కూడా ఉన్నాడు."

"నాకోసం ఆగారా?"

"నీ తాళం కోసం ఆగాం."

రెండువందల పదకొండు.

"కొయ్యొద్దు" అంది కొంగ. "నేనే వచ్చి తీస్తా. మామూలు బస్సుకి వస్తా. గంటన్నర." ఫోను పెట్టేసింది.

హవల్దారు బల్లమీది ఫోను తీసుకుని, దాన్ని కాసేపు చూసి, జేబులో పెట్టుకున్నాడు. "అది ఎత్తులో, బరువులో, పరుగులో, అన్నింట్లో పాసైంది మేడమ్" అన్నాడు దిగులుగా. "మొత్తం లైన్లో దానికన్నా పొడుగు ఇంకెవరూ లేరు."

తొందర అధికారి వైపు తిరిగాడు. "సార్, మీరు నాలుగింటికి వెళ్ళిపోవాలేమో…"

అధికారి ఫైలు తెరిచి వేలితో ఒక వరస చూపించాడు. "ఇక్కడ శుక్రవారం అని రాసుంది. నాలుగు గంటలు అని లేదు. శుక్రవారం ఇంకా చాలా ఉంది." ఆ తర్వాత రెండో టీ అడిగాడు. ఇన్నేళ్ళలో ఆయన చూసిన శిక్షణ కేంద్రాలన్నింటిలో తనకోసం పరిగెత్తనివాళ్ళు వీళ్ళే. దాంతో ఆయనకి ఎందుకో అక్కడ కాళ్ళు చాపుకుని కూర్చోవాలనిపించింది.

*

ఐదున్నరకి కొంగ మెట్లు మూడేసి చొప్పున ఎక్కుతూ వచ్చింది. వెనక వాళ్ళమ్మ కూడా వచ్చింది. బస్టాపులో కూతురు దిగడం చూసి లాండ్రీ బట్టల్లోనే వెంటపడింది. వరండాలో అడుగుపెడుతూనే, "అడగనన్నావుగా అక్కా!" అని గయ్యిమంది.

"అడగలేదు. వీళ్ళందరూ సాక్షులు."

"అడగలేదు" అన్నారు పదకొండు మందీ ఒకే గొంతుతో. హవల్దారు కూడా తల ఊపాడు.

కొంగ తిన్నగా స్విచ్చి దగ్గరికి వెళ్ళి జేబులోంచి తాళంచెవి తీసింది. తాళం ఊడింది. గొణుగుడు స్విచ్చి వేశాడు. పైన డాబా మీద మోటారు ఒక్కసారి మూలిగి, తర్వాత గొంతు సరిచేసుకుని, సన్నగా తిరగడం మొదలుపెట్టింది. కేబిన్ కిందికి వెళ్ళింది, పైకి వచ్చింది. ఆగాల్సినచోట వరండా గచ్చుకీ కేబిన్ నేలకీ మధ్య ఒక కాగితం మందం కూడా తేడా లేదు. తలుపు లాకులో రోలరు "టక్" అంది. ఈసారి లిఫ్టమ్మ వింది.

అధికారి ఎక్కి, దిగి, రాసుకుని, "పదకొండు?" అన్నాడు కలం పట్టుకుని.

"ఉండండి" అంది కొంగ.

"నువ్వు ఉండు" అంది లిఫ్టమ్మ. "ఒక సంగతి విన్నాక ఏదైనా చెప్పు. నేను సైన్యాన్ని వద్దనుకుని ఈ పనిలోకి రాలేదు. అర అంగుళం తక్కువై వచ్చా. ఎక్కువుంటే పోయుండేదాన్ని, బావుండేదాన్నేమో కూడా. ఇక్కడ బూట్లు నువ్వే కొనుక్కోవాలి. గ్రీజు వదలదు, మీ అమ్మ చెప్పింది నిజమే. నువ్వు మళ్ళీ పైకి వెళ్తానంటే హవల్దారుగారు రేపే పంపిస్తారు."

"పంపిస్తా" అన్నాడు హవల్దారు ఆశగా.

"విన్నా" అంది కొంగ. "అక్కడ కూడా బానే చూశారు పెద్దమ్మా. భోజనం బావుంది. నంబరు పెట్టారు, పిలిస్తే వెళ్ళాలి. నేను లైన్లోంచి వచ్చేస్తే తర్వాతి నంబరు పిలిచారు, అంతే, లైను ఆగలేదు. వాళ్ళ తప్పేం లేదు, లైను అంటే అంతే. ఇక్కడ మాత్రం బిల్డింగు బిల్డింగంతా నాకోసం ఆగింది. సంవత్సరం చూస్తా. నచ్చకపోతే పైన ఆఫీసు ఎక్కడికీ పోదుగా."

"జీతం? పింఛను?" అంది వాళ్ళమ్మ.

"నీ లాండ్రీలో లిఫ్టు నెలకి ఎన్నిసార్లు ఆగుతుందమ్మా?"

చెల్లెలు లెక్కపెట్టబోయి ఆపేసింది. అక్క వైపు చూసింది. "దీన్ని కూడా నీలాగే తయారుచెయ్యి" అంది. అది తిట్టో దీవెనో ఆవిడకే తేలలేదు. కొంగ జీన్సు మీద గ్రీజు మరక చూసి, కొంగు తడిపి రుద్దబోయి, "ఇది పోదు" అని విసుక్కుంది.

అధికారి కలం ఇంకా గాల్లోనే ఉంది. లిఫ్టమ్మ బల్లమీద రంగు సీసా, సన్నటి కుంచె పెట్టింది. కొంగ తాళం తీసుకుని, నాలిక కొంచెం బయటపెట్టి, వంకర అక్షరాలతో తన ముద్దుపేరు రాసుకుంది. అధికారి ఆ తాళం చూసి, తర్వాత తన కాగితం మీద పన్నెండో వరసలో అసలు పేరు అడిగి రాసుకున్నాడు.

ఈసారి మాత్రం శని, ఆదివారాలు రెండు రోజులూ లిఫ్టు నడిచింది. జిరాక్సు షాపువాడు పిల్లల్ని తీసుకొచ్చి ఎక్కించాడు. హవల్దారు శనివారం ఆఫీసుకి కావాలనే రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. సైన్యంలో చేరడానికి వచ్చినవాళ్ళు మొదటి అంతస్తులో ఆగకుండా తిన్నగా రెండో అంతస్తుకే వెళ్ళారు. ఆయన అది గమనించాడు, లిఫ్టమ్మ కూడా గమనించింది.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి హవల్దారు కింద మీట నొక్కి నిలబడ్డాడు. మళ్ళీ నొక్కాడు. మెట్లెక్కి మొదటి అంతస్తుకి వచ్చేసరికి స్విచ్చి పట్టీకి పన్నెండు తాళాలు గుత్తిగా వేలాడుతున్నాయి. చివరిదానిమీద రంగు ఇంకా కొత్తగా ఉంది. గొట్టం లోపల్నుంచి పానాల చప్పుడు, తిట్లు, నవ్వులు.

"అప్పుడే విప్పేశారా మేడమ్?" అన్నాడు గుమ్మం పట్టుకుని, ఆయాసపడుతూ.

"మరి నేర్చుకోవద్దూ?" అంది లిఫ్టమ్మ. "కూర్చోండి. ఊపిరి తీసుకుని వెళ్దురుగాని."